ఉక్కు నగరంలో చైనా భోజనం



చరిత్ర పాఠం అంటే రాజులు, యుద్ధాలు, సంధులు అనుకోవడం మనకు అలవాటు. శాసనాలు, నాణేలు, తాళపత్రాలు చరిత్రకు ఆధారాలని పుస్తకాల్లో చదువుకుంటాం. ఈ పాఠంలో మన ఆధారం ఒక ప్లేటు చౌమీన్. జంషెడ్‌పూర్‌లో, బిష్టుపూర్ బజారులోని ఒక చిన్న చైనీస్ హోటల్లో నలుగురు స్నేహితురాళ్ళు పంచుకున్న ప్లేటు అది. నేను చరిత్ర అధ్యాపకురాలిని కాను, రసాయన శాస్త్రం చెప్పేదాన్ని. కాబట్టి మధ్యలో ఉప్పులూ శాతాలూ వస్తే విసుక్కోకండి.

అది 1987. జంషెడ్‌పూర్ అప్పటికి బీహారులోనే ఉంది. జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న కదా ఏర్పడింది. మేము నలుగురం కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. ఒకమ్మాయి బెంగాలీ, ఒకమ్మాయి సిక్కు, ఒకమ్మాయి సంతాలీ. నాలుగోదాన్ని నేను. మాది శ్రీకాకుళం వైపు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన తెలుగు కుటుంబం. పరీక్షలు అయిపోయిన రోజు ఎక్కడైనా కలిసి కూర్చుని తినాలనుకున్నాం. ఎవరింటికి వెళ్దాం అన్నచోట మాట ఆగిపోయింది. మా ఇల్లే అన్నిటికంటే దగ్గర. అయినా "మా ఇంటికి రండి" అనే మాట నా నోట రాలేదు. ఎందుకో చెబుతాను. మా ఇంట్లో ఆ సంతాలీ అమ్మాయికి మంచినీళ్ళిచ్చే గ్లాసు వేరుగా ఉండేది. కిటికీ గూట్లో బోర్లించి ఉండేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు, నవ్వుతూనే ఇచ్చేవారు. ఆ సంగతి నాకు తెలుసు. తనకీ తెలుసు.

చివరికి తలా పది రూపాయలు వేసుకుని ఆ హోటల్‌కి వెళ్ళాం. రెండు ప్లేట్ల చౌమీన్, ఒక చిల్లీ చికెన్, ఒకే సూపు నాలుగు గిన్నెల్లోకి పోయించుకున్నాం. ఆ నాలుగు గిన్నెలూ ఒకే రకం. ఫోర్కుతో నూడుల్స్ చుట్టడం నలుగురిలో ఒక్కరికీ రాదు. ఎవరికీ రాని పని కాబట్టి ఎవరినీ చూసి ఎవరూ నవ్వలేదు, లేదా అందరం అందరినీ చూసి నవ్వుకున్నాం. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే అమ్మకు వాసన తెలిసిపోయింది. "ఏటే, చీనావోళ్ళ కూడు తిన్నావా? దాన్లో ఏటేస్తారో నీకు తెలుసా?" అంది.

నాకు తెలియదు. తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

ముందు ఊరి సంగతి చెప్పుకుందాం. టాటా ఇనుము, ఉక్కు కంపెనీ 1907 ఆగస్టు 26న ఏర్పడింది. సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోటుకు దగ్గరలో సాక్చీ అనే గ్రామం ఉండేది. చుట్టూ సంతాల్, హో, భూమిజ్ ఆదివాసుల పల్లెలు. అక్కడ కర్మాగారం లేచింది. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె పోతపోశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఉక్కు బ్రిటిష్ సైన్యానికి బాగా ఉపయోగపడింది. ఆ కృతజ్ఞతతో 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్జీ టాటా పేరు పెట్టాడు. కాళీమాటి రైల్వేస్టేషన్ టాటానగర్ అయింది.

పల్లె పేరు మారినంత తేలికగా ఊరు నిండలేదు. కొలిమి దగ్గర పని చేయడానికి, రైలు పట్టాలు వేయడానికి, లెక్కలు రాయడానికి, బడి చెప్పడానికి మనుషులు కావాలి. బెంగాల్ నుంచి, బీహారు నుంచి, ఒరిస్సా నుంచి, పంజాబు నుంచి వచ్చారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మన ఉత్తర కోస్తాను ఖరగ్‌పూర్‌తో కలిపింది. అక్కడ బండి మారితే టాటానగర్. ఆ దారినే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెల వాళ్ళు వచ్చారు. బిష్టుపూర్‌లో ఆంధ్రులు కట్టుకున్న రామమందిరం ఆ వలసకు గుర్తుగా ఇప్పటికీ ఉంది. కద్మా వైపు వెళితే తెలుగు మాట వినకుండా తిరిగి రాలేరు.

ఇలాంటి ఊళ్ళో అందరి ఇళ్ళల్లోనూ వంట వేరు. బెంగాలీల ఆవనూనె వాసన మావాళ్ళకు పడదు. మా చింతపండు పులుసు పంజాబీలకు పడదు. రుచి తేడా పెద్ద సమస్య కాదు, నెమ్మదిగా అలవాటవుతుంది. ఎవరు వండారు, ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరి గ్లాసులో తాగారు అన్నవి మాత్రం అంత తేలికగా అలవాటు కావు. బ్రిటిష్ కాలంలో రైల్వేస్టేషన్లలో 'హిందూ నీళ్ళు', 'ముస్లిం నీళ్ళు' అని వేరు వేరు కుండలు ఉండేవి. మద్రాసు రాజధానిలో భోజన హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. మన రాజ్యాంగం రాసినవాళ్ళు ఈ సంగతిని చిన్నదిగా చూడలేదు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో 15వ అధికరణం తీసి చూడండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అనే కారణాల వల్ల ఏ పౌరుణ్ణీ దుకాణాలకు, హోటళ్ళకు, భోజనశాలలకు రానీయకుండా ఆపకూడదని రెండవ క్లాజు చెబుతుంది. ఒక దేశపు మూల చట్టంలో భోజనశాల అనే మాట ఉండటం నాకు మొదట వింతగా తోచింది. మా కిటికీ గూట్లో గ్లాసు గుర్తుకొచ్చాక ఆ వింత పోయింది. ఆ అధికరణం హోటల్ తలుపు తెరిచింది. ఇంటి తలుపు దాకా చట్టం చేయి చాపదు.

ఉడిపి హోటల్లోనో, పంజాబీ ధాబాలోనో కూర్చున్నా చట్టం అదే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ ధాబాకు వెళితే మా సిక్కు స్నేహితురాలు ఇంటామె, మిగతా ముగ్గురం చుట్టాలం. ఇడ్లీ హోటల్‌కి వెళితే నేను ఇంటిదాన్ని. మిఠాయి కొట్టుకు వెళితే బెంగాలీ అమ్మాయి 'ఇది ఇలా తినాలి' అని పాఠం మొదలుపెడుతుంది. చౌమీన్ నలుగురిలో ఎవరి ఇంటి వంటా కాదు. ఏ అమ్మమ్మా దానికి మడి కట్టలేదు, ఎవరి పండగా దానితో ముడిపడి లేదు. జంషెడ్‌పూర్ లాంటి వలస ఊళ్ళలో చైనా హోటళ్ళకు యువతీయువకులు గుంపులుగా వెళ్ళడానికి చవక ధరతోపాటు ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఈ వంట ఎక్కడి నుంచి వచ్చింది? టాటానగర్ నుంచి హౌరాకు రైలు దారి సుమారు 250 కిలోమీటర్లు. తెల్లవారుజామున స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కలకత్తాలో పని చూసుకుని, సాయంత్రం అదే బండికి తిరిగి రావచ్చు. మా హోటల్లో వంట చేసేది చైనా మనిషి కాదు, కలకత్తాలో పని నేర్చుకున్న నేపాలీ. అతని గురువులు మాత్రం కలకత్తా చైనీయులు.

వారి కథ 18వ శతాబ్దం చివర మొదలవుతుంది. యాంగ్ తాయ్ చౌ అనే చైనా వ్యాపారికి వారెన్ హేస్టింగ్స్ హుగ్లీ నది ఒడ్డున, బజ్‌బజ్ దగ్గర భూమి ఇచ్చాడు. ఆయన అక్కడ చెరకు వేసి చక్కెర తీయించాడు. బెంగాల్‌లో ఆయన్ను అచ్చూ అనేవారు. ఆ చోటు ఇప్పటికీ అచ్చీపూర్. కలకత్తా చైనీయులు తమ కొత్త సంవత్సరం రోజుల్లో అక్కడి గుడికి వెళతారు. తర్వాత తరాల్లో కాంటన్ ప్రాంతం నుంచి వడ్రంగులు, హూబె నుంచి పళ్ళు కట్టేవాళ్ళు, హక్కా సమాజం నుంచి చెప్పులు కుట్టేవాళ్ళు, తోళ్ళు శుద్ధిచేసేవాళ్ళు వచ్చారు. ముందు తిరెట్టా బజారులో, తర్వాత ఊరి తూర్పున తాంగ్రాలో స్థిరపడ్డారు. తోలు పనిని మన సమాజం అంటరానిదిగా చూసింది. ఆ పనిని వాళ్ళు తీసుకుని నాణ్యమైన పరిశ్రమగా నిలబెట్టారు.

'హక్కా' అన్న మాట మీరు హక్కా నూడుల్స్ ప్యాకెట్టు మీద చూసే ఉంటారు. అది వంట పద్ధతి పేరు కాదు, ఒక ప్రజాసమూహం పేరు. ఆ మాటకు అర్థం 'అతిథి కుటుంబాలు'. చైనా ఉత్తర ప్రాంతాల నుంచి దక్షిణానికి వలస వచ్చినవాళ్ళను అక్కడివాళ్ళు అలా పిలిచారు. స్వదేశంలోనే అతిథులన్నమాట! ఇది తెలిశాక ఒకసారి మా స్నేహితురాళ్ళకు చెప్పాను. సంతాలీ అమ్మాయి నవ్వి, "అయితే ఈ ఊళ్ళో మీరు ముగ్గురూ హక్కాలే" అంది. నిజం. సాక్చీ పల్లెలు ఆమె పూర్వీకులవి. అతిథులం మేము. వేరే గ్లాసు మాత్రం ఆమెకు.

ఇప్పుడు మన పాఠంలో కష్టమైన భాగానికి వస్తున్నాం. 1962 అక్టోబరు 20న చైనాతో యుద్ధం మొదలైంది, నవంబరు 21న కాల్పులు ఆగాయి. యుద్ధం నెల రోజులే సాగింది. ఈ దేశంలో పుట్టి పెరిగిన చైనీయులకు దాని ఫలితం చాలా ఏళ్ళు సాగింది. విదేశీయుల చట్టాన్ని అప్పుడు సవరించారు. మన దేశంతో యుద్ధం చేస్తున్న దేశానికి ఒక మనిషి గానీ, అతని తల్లిదండ్రుల్లో ఒకరు గానీ, చివరికి తాతలు, అమ్మమ్మ, నానమ్మల్లో ఒకరు గానీ ఎప్పుడైనా పౌరులై ఉంటే, ఆ మనిషికి విదేశీయుల నిబంధనలు వర్తింపజేయవచ్చని రాశారు. అస్సాంలోని మాకుం, షిల్లాంగ్, డార్జిలింగ్ వంటి చోట్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలను పట్టుకుని రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి పంపారు. సుమారు 3,000 మందిని, పిల్లలనూ ముసలివాళ్ళనూ కూడా, విచారణ లేకుండా అక్కడ ఉంచారు. కొందరు 1967 దాకా అక్కడే ఉన్నారు. స్వాతంత్ర్యోద్యమంలో జయప్రకాశ్ నారాయణ్ లాంటి నాయకులను బ్రిటిష్‌వాళ్ళు బంధించినది కూడా ఆ దేవలీలోనే. రీతా చౌధురి 2010లో అస్సామీ భాషలో రాసిన 'మాకామ్' నవల ఈ కుటుంబాల గురించే.

శిబిరానికి వెళ్ళని కలకత్తా చైనీయులకు కూడా పోలీసుల దగ్గర పేరు నమోదు, ప్రయాణాలకు అనుమతి వంటి ఆంక్షలు వచ్చాయి. చాలామంది దేశం వదిలారు. ఎక్కువమంది కెనడా వెళ్ళారు. ఇప్పుడు టొరంటోలో 'హక్కా' అని బోర్డు కట్టిన హోటల్లో అమ్మేది మన చిల్లీ చికెన్, మన మంచూరియా. అక్కడ చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు శనివారం సాయంత్రం స్నేహితులతో వెళ్ళి తినేది కలకత్తా నుంచి వెళ్ళిపోయినవాళ్ళ వంట.

దేశ రక్షణ అవసరం లేదని నేను అనడం లేదు. యుద్ధ సమయంలో ప్రభుత్వం జాగ్రత్తపడుతుంది. కానీ ఒక మనిషి ఏం చేశాడో చూడడం వేరు, అతని తాత ఎక్కడివాడో చూడడం వేరు. ఇందాక చెప్పిన 15వ అధికరణంలోనే 'జాతి' అన్న మాట, 'పుట్టిన చోటు' అన్న మాట రెండూ ఉన్నాయి.

మనకెందుకీ చైనీయుల గొడవ అనుకునే తెలుగువాళ్ళకు మన సొంత చరిత్రలో ఒక పేజీ గుర్తు చేయాలి. మా ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళు 'రంగం వెళ్ళాడు' అంటే రంగూన్ వెళ్ళాడని అర్థం. కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందుకు బర్మాలో మనవాళ్ళను 'కొరంగీలు' అనేవారు. రంగూన్ రేవులో బస్తాలు మోసింది, ఊరు ఊడ్చింది, రిక్షా లాగింది చాలావరకు వారే. 1930 మే నెలలో రేవు పనుల దగ్గర మొదలైన అల్లర్లలో తెలుగు కూలీలను వెతికి కొట్టారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. మా తాతగారి అన్న అలా వచ్చినవారిలో ఒకరు; ఇద్దరు బయలుదేరితే ఒకరే చేరారని ఇంట్లో చెప్పుకునేవారు. మిగిలిపోయినవాళ్ళ వంతు 1962 మార్చిలో జనరల్ నె విన్ అధికారం చేజిక్కించుకున్నాక వచ్చింది. దుకాణాలను జాతీయం చేశారు, భారతీయులు చేతిలో ఏమీ లేకుండా ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అని పిలిచే పేట అలా వచ్చినవాళ్ళది. మద్రాసు హార్బరు దగ్గర బర్మా బజారు కూడా వారిదే. ఆ బజారు చుట్టుపక్కల తోపుడుబండ్ల మీద అమ్మే 'అత్తో' అనే నూడుల్స్ వాళ్ళు వెంట తెచ్చుకున్న రుచి.

సంవత్సరాలు గమనించారా? ఒకే 1962. బర్మాలో మనం పరాయివాళ్ళం. ఇక్కడ చైనీయులు పరాయివాళ్ళు. 'చీనావోళ్ళ కూడు' అన్న మా అమ్మ, రంగం నుంచి నడిచి వచ్చిన మనిషి ఇంటి పిల్ల. ఈ రెండు సంగతులూ ఆమె ఎప్పుడూ కలిపి ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే నేనూ నలభై దాటేదాకా ఆలోచించలేదు.

తాంగ్రాకు తిరిగి వద్దాం. తోళ్ళ శుద్ధి వల్ల నీరు కలుషితమవుతోందని సుప్రీంకోర్టు 1996లో ఆ పరిశ్రమలను ఊరి బయటికి తరలించమని తీర్పు ఇచ్చింది. పర్యావరణం దృష్టితో చూస్తే సరైన తీర్పే. తోలు శుద్ధికి వాడే క్రోమియం లవణాలు మురుగులో కలిస్తే ఏమవుతుందో రసాయన శాస్త్రం చదివేవారికి చెప్పనక్కరలేదు. తర్వాత తాంగ్రాలో మిగిలిన పెద్ద ఆదరువు హోటళ్ళే.

ఇక ప్లేటులోకి చూద్దాం. మంచూరియా అనేది చైనా ఈశాన్యంలో ఒక ప్రాంతం. ఆ పేరుతో మనం తినే వంటకం అక్కడ దొరకదు. కలకత్తాలో పుట్టిన చైనీయ వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో దాన్ని తయారుచేశారని చెబుతారు. పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి మన పద్ధతిలోనే వేయించి, గరం మసాలా బదులు సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచారు. ఆ తర్వాత కోడిమాంసం తీసి కాలీఫ్లవర్ వేశారు. గోబీ మంచూరియా పుట్టింది, శాకాహారుల పెళ్ళిళ్ళకు కూడా ఎక్కింది.

ఇందులో దేన్ని చైనా అందాం, దేన్ని మనది అందాం? మిరప అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు ఓడల్లో 16వ శతాబ్దంలో మన తీరానికి వచ్చింది. అంతకు ముందు మన కారం మిరియాలే. చైనాలో కూడా మిరప ప్రస్తావన 16వ శతాబ్దం చివరలోనే కనిపిస్తుంది, అదీ అందం కోసం పెంచే మొక్కగా. కార్న్‌ఫ్లోర్ తీసే మొక్కజొన్న కూడా అమెరికాదే. క్యాప్సికం కూడా. సోయా సాస్ మాత్రం అచ్చంగా తూర్పు ఆసియాది. ఆస్పర్‌జిల్లస్ ఒరైజే అనే బూజును సోయా, గోధుమల మీద పెంచి, ఉప్పునీళ్ళలో నెలల తరబడి పులియబెడితే ప్రోటీన్లు విరిగి ఆ నల్లని రసం వస్తుంది. మన ఇడ్లీ పిండి పులియడానికి ఒక రాత్రి చాలు, దీనికి ఒక్కోసారి ఏడాది.

వంట చేసే కడాయి గురించి ఉక్కు నగరం వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇనుమును కరిగించి పోతపోయడం చైనావాళ్ళకు సుమారు 2,500 ఏళ్ళ కిందటే తెలుసు. యూరప్‌కు ఆ విద్య మధ్యయుగాల చివర వచ్చింది. సాక్చీలో 20వ శతాబ్దంలో వెలిగిన బ్లాస్ట్ ఫర్నేస్‌కు తొలి పూర్వీకులు చైనా కొలుములే. పలుచని ఉక్కు రేకు కడాయిని పెద్ద మంట మీద పెడితే క్షణాల్లో 200 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళలో ఉడికే పదార్థం 100 డిగ్రీలు దాటదు. సుమారు 140 డిగ్రీలకు పైన చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి గోధుమ రంగునూ, కమ్మని కాలిన వాసననూ ఇస్తాయి. ఈ చర్యను వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయ్యార్. ఆయన తన పరిశోధన ప్రకటించిన సంవత్సరం 1912, సాక్చీలో తొలి ఉక్కు పోసిన ఏడాదే. ఇది ఉత్త కాకతాళీయం, పరీక్షలో రాయకండి. కానీ ఇంటి గ్యాసు పొయ్యి మీద చౌమీన్ ఎందుకు హోటల్ చౌమీన్‌లా రాదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఇంట్లో మంట చాలక కూరగాయల నీరు ఆవిరి కాదు, నూడుల్స్ వేగకుండా ఉడుకుతాయి.

'దాన్లో ఏటేస్తారు' అన్న ప్రశ్నకు మా అమ్మ మనసులో ఉన్న జవాబు కప్పలు, పాములు. ఇప్పటి చదువుకున్నవాళ్ళ మనసులో ఉన్న జవాబు అజినమోటో. దీన్ని కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

1908లో టోక్యో విశ్వవిద్యాలయంలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త, జపాను ఇళ్ళలో చారుకు వాడే కొంబు అనే సముద్రపు నాచులో ఆ రుచి దేనివల్ల వస్తుందని వెతికాడు. దొరికింది గ్లూటమిక్ ఆమ్లం. తీపి, పులుపు, ఉప్పు, చేదులలో ఇమడని ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. దాని సోడియం లవణమే మోనోసోడియం గ్లూటమేట్. 1909 నుంచి 'అజినమోటో' పేరుతో అమ్మారు. గ్లూటమేట్ మన టమాటాలో ఉంది, పుట్టగొడుగుల్లో ఉంది, తల్లిపాలలోనూ ఉంది. టమాటా చారు కమ్మగా ఉండటంలో దాని పాత్ర ఉంది.

మరి భయం ఎక్కడిది? 1968 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ వైద్యపత్రికకు రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే వైద్యుడు చిన్న ఉత్తరం రాశాడు. చైనా హోటల్లో తిన్నప్పుడు తనకు మెడ వెనక తిమ్మిరి, నీరసం, గుండెదడ వస్తున్నాయనీ, కారణం సోయా సాసా, వంటలో పోసే సారాయా, గ్లూటమేటా, ఉప్పు ఎక్కువ కావడమా అనీ అడిగాడు. అది ప్రశ్న మాత్రమే. పత్రిక దానికి 'చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్' అని శీర్షిక పెట్టింది. ఆ శీర్షిక ప్రపంచమంతా తిరిగింది. అదే గ్లూటమేట్ అమెరికన్ డబ్బా సూపుల్లోనూ ఉండేది. సూపు డబ్బా పేరుతో ఏ రోగమూ పుట్టలేదు.

ఇలాంటి అనుమానాన్ని శాస్త్రం ఎలా పరీక్షిస్తుంది? కొందరికి గ్లూటమేట్, కొందరికి అలాగే కనిపించే ఉత్త పదార్థం ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో తిన్నవారికీ తెలియదు, లక్షణాలు రాసుకునేవారికీ తెలియదు. దీన్ని ద్వంద్వ అంధ పరీక్ష అంటారు. తమకు గ్లూటమేట్ పడదని చెప్పుకున్న 130 మంది మీద ఇలా చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2000లో వెలువడ్డాయి. ఆహారం లేకుండా ఎక్కువ మోతాదులో, 5 గ్రాములు, ఇచ్చినప్పుడు కొందరికి ఇబ్బంది కలిగింది. కానీ మళ్ళీ మళ్ళీ పరీక్షించినప్పుడు ఒకే విధంగా స్పందించినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అంతకు ముందే, 1987లో, అంతర్జాతీయ ఆహార సంకలితాల నిపుణుల సంఘం దీనికి రోజుకు ఇంతకు మించకూడదనే సంఖ్యా పరిమితి అక్కరలేదని తేల్చింది.

అంటే ఆ ప్లేటులో జాగ్రత్తపడవలసింది ఏమీ లేదా? ఉంది, మనం చూడవలసిన చోట చూడటం లేదు. మామూలు ఉప్పులో బరువు ప్రకారం సోడియం 39 శాతం. మోనోసోడియం గ్లూటమేట్‌లో సుమారు 12 శాతమే. అణుభారాలు వేసి మీరే లెక్కించవచ్చు. స్ఫటికంలోని ఒక నీటి అణువును మరిచిపోకండి. ఒక పెద్ద చెంచాడు సోయా సాస్‌లో 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. పెద్దలకు రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చౌమీన్, మంచూరియా, సూపు మూడూ ఒకరే తింటే ఆ హద్దు దాటడం ఏమంత కష్టం కాదు. రక్తపోటు ఉన్న పెద్దవాళ్ళకు ఇది అసలు సంగతి. దాన్ని వదిలి అజినమోటోను తిట్టుకుంటూ కూర్చున్నాం. మా పచ్చళ్ళలో ఉప్పు గురించి మావాళ్ళు ఎప్పుడూ భయపడలేదన్నది కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

కడాయి, సాస్ అన్నీ ఇంటింటికీ వచ్చేశాయి. 1983లో మ్యాగీ వచ్చింది. 1996లో మొదలైన చింగ్స్ సీక్రెట్ అనే 'దేశీ చైనీస్' మసాలాల సంస్థను 2024లో టాటా కంపెనీయే కొనుక్కుంది. ఉక్కు నగరం పిల్లలు ఇప్పుడు చౌమీన్‌ను పరాయి తిండి అనుకోవడం లేదు. సాక్చీ బజారులో సాయంత్రం మోమోల బండ్ల దగ్గర నిలబడి ఎర్ర పచ్చడి అద్దుకు తినేవాళ్ళను చూడండి. మోమో టిబెట్ నుంచీ నేపాల్ నుంచీ దిగివచ్చింది. 1959 తర్వాత మన దేశానికి శరణార్థులుగా వచ్చిన టిబెటన్లు దాన్ని ఊరూరా పరిచయం చేశారు. అది ఇంకో పాఠం.

మా అమ్మ తొంభైలలో తానే నూడుల్స్ వండటం మొదలుపెట్టింది. ఆవాలు, కరివేపాకు పోపు వేసి, చివర నిమ్మరసం పిండేది. సోయా సాస్ మాత్రం రానివ్వలేదు. మా సంతాలీ స్నేహితురాలు చైబాసాలో ఉపాధ్యాయురాలైంది. జంషెడ్‌పూర్ వచ్చినప్పుడల్లా బిష్టుపూర్‌లోనే, హోటల్లోనే కలిసేవాళ్ళం. ఇంటికి రమ్మని నేను పిలిచేదాన్ని, వస్తానని తను అనేది. 2003లో ఒక ఆదివారం వచ్చింది. అమ్మ ఆ నూడుల్సే చేసింది. నీళ్ళు నేను ఇవ్వబోతే, అమ్మ నన్ను ఆపి, తాను వెళ్ళి అలమరలోంచి అందరికీ పెట్టే స్టీలు గ్లాసు తెచ్చింది. స్నేహితురాలు తాగింది. ముగ్గురం ఆ గ్లాసు గురించి ఏమీ మాట్లాడలేదు. అమ్మ మాత్రం "ఇందులో ఏటేసినానో చెప్పు చూద్దాం" అంది.

ఈ పాఠం చదివినవారు ఒక పని చేయండి. మీ ఇంట్లో అందరికంటే పెద్దవారిని, మొదటిసారి ఇంటి బయట ఎక్కడ తిన్నారో, పక్కన ఎవరు కూర్చున్నారో అడిగి, వారు చెప్పిన మాటల్లోనే నోటుపుస్తకంలో రాసుకోండి.